సముద్రం పక్కన, చెరువు ఒడ్డున చిన్న ఊళ్ల ఎస్టీపీలు: తరచుగా అడిగే ప్రశ్నలు

కోస్తాలో ఏ చిన్న మున్సిపాలిటీలోనైనా "ఎస్టీపీకి (మురుగునీటి శుద్ధి ప్లాంటుకు) స్థలం చూస్తున్నారట" అన్న మాట బయటికి పొక్కగానే మొదట లేచేది వాసన గొడవ. దాని వెనకాలే పన్ను పెరుగుతుందేమోనన్న భయం. శుద్ధి చేసిన నీళ్లు చివరికి ఎక్కడికి వదులుతారన్న ప్రశ్న మాత్రం మీటింగ్ అయిపోయి కుర్చీలు సర్దేటప్పుడు ఎవరో ఒక పెద్దాయన అడుగుతాడు. ఊరి చివర సముద్రమో, ఉప్పుటేరో, పెద్ద చెరువో ఉన్నప్పుడు అన్నిటికంటే ముందు అడగాల్సింది అదే. ఇలాంటి ప్లాంట్ల మీద కొన్నేళ్లు పనిచేశాను. వార్డు మీటింగుల్లో, టీ బడ్డీల దగ్గర నన్ను మళ్లీ మళ్లీ అడిగినవి, ఎవరూ అడగరేమిటా అని నేను ఎదురుచూసినవి ఇక్కడ రాస్తున్నాను.

ఎస్టీపీలో అసలేం చేస్తారు? నీళ్లలో మందు కలుపుతారా?

మందు చాలా చోట్ల చివర్లో ఒక్కసారే, అదీ క్లోరిన్. అసలు పని చేసేవి సూక్ష్మజీవులు. మురుగు నీటిలో నూటికి 99.9 వంతులు నీళ్లే. మిగిలిన ఆ కాస్తలోనే మలం, సబ్బు, అన్నం మెతుకులు, నూనె, రోగాలు తెచ్చే క్రిములు అన్నీ ఉంటాయి. ఆ కాస్తను తినిపెట్టే బ్యాక్టీరియాను ఒక ట్యాంకులో పెంచి, వాటికి గాలి అందిస్తూ ఉంటాం. తిన్నాక అవి ఒకదానికొకటి అంటుకుని ముద్దలుగా అడుక్కి దిగుతాయి. పైన తేరిన నీళ్లు బయటికి పోతాయి. అడుగు బురదలో కొంత మళ్లీ ట్యాంకులోకే పంపిస్తాం, రేపటి తోడుకు ఇవాళ్టి పెరుగు కాస్త దాచినట్టు. 1914లో మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ అనే ఇద్దరు ఈ పద్ధతిని లోకానికి చెప్పారు. ఆ తర్వాత పేర్లు మారాయి, ట్యాంకుల ఆకారాలు మారాయి, కిటుకు అదే.

వీటన్నిటికీ ముందు ఇనుప జల్లెడ ఉంటుంది. పొద్దున్నే దాన్ని గోకి తీస్తే షాంపూ ప్యాకెట్లు, గుట్కా కవర్లు, ప్యాడ్లు, కొబ్బరి పీచు, ఒక్కోసారి ఎవరింట్లోదో స్టీలు గ్లాసు. పండగ మర్నాడైతే మామిడాకులు, బంతిపూలు. ఊళ్లో ఏం జరిగిందో పేపర్ కంటే ముందు జల్లెడ చెబుతుంది. జల్లెడ తర్వాత ఇసుక దిగే గుంట. తీరం ఊళ్లలో ఈ గుంట మిగతా ఊళ్ల కంటే త్వరగా నిండుతుంది, కారణం చెప్పక్కర్లేదు.

మా ఊరికి ఎంత పెద్ద ప్లాంటు కావాలి?

లెక్క తేలిక. మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్లు ఇస్తే అందులో 80 శాతం మురుగుగా తిరిగొస్తుందన్నది మన దేశంలో డిజైన్‌కు వాడే అంచనా. అంటే తలకు 108 లీటర్లు. జనాభా 30,000 అనుకుంటే రోజుకు 32 లక్షల లీటర్ల పైన, మా భాషలో 3.2 ఎంఎల్‌డీ. ఒక ఎంఎల్‌డీ అంటే రోజుకు పది లక్షల లీటర్లు.

ఈ లెక్క కాగితం మీద బాగుంటుంది. చాలా చిన్న ఊళ్లలో కుళాయి రోజు విడిచి రోజు వస్తుంది, 135 లీటర్లు ఎవరికీ అందవు. పైగా ముప్ఫై ఏళ్ల తర్వాతి జనాభాకు డిజైన్ చేస్తారు. దాంతో మొదటి రోజు నుంచే ప్లాంటు వదులు చొక్కాలా ఉంటుంది. ఒకే పెద్ద ట్యాంకు కట్టేకంటే సగం సగంగా రెండు కట్టి, ఒకటి నడుపుతూ రెండోది ఊరు పెరిగాక మొదలుపెట్టడం మేలు. టూరిస్టులు వచ్చే బీచ్ ఊళ్లకు, కార్తీక మాసంలో సముద్ర స్నానాలకు జనం పోటెత్తే ఊళ్లకు ఇది ఇంకా అవసరం. ఆదివారం సాయంత్రం వచ్చే మురుక్కీ మంగళవారం వచ్చే మురుక్కీ పోలిక ఉండదు.

మా ఇంట్లో సెప్టిక్ ట్యాంకు ఉంది కదా, మళ్లీ ఇదెందుకు?

సెప్టిక్ ట్యాంకు చేసేది సగం పనే. బరువైనది అడుగున ఆగుతుంది, నీళ్లు మాత్రం క్రిములతో సహా బయటికి వస్తాయి. ఆ నీళ్లు ఇంకుడు గుంటలోకి వెళ్లి, మట్టిలోంచి వడకట్టుకుంటూ దిగాలి. మెట్ట ప్రాంతంలో ఇది నడుస్తుంది. కోనసీమలోనో, కొల్లేరు చుట్టుపక్కలో, తీరం వెంట ఇసుక నేలల్లోనో రెండు మూడడుగులు తవ్వితే నీళ్లు. ఇంకుడు గుంటలో నీరు ఇంకడానికి చోటే లేదు. అందుకే అక్కడ ఇంటింటి సెప్టిక్ ట్యాంకు గొట్టం నేరుగా సైడు కాలువలోకి ఉంటుంది. కాలువ డ్రెయిన్‌లో కలుస్తుంది, డ్రెయిన్ ఏట్లోకో చెరువులోకో పోతుంది. బాత్రూమ్‌కు టైల్స్ వేసినంత మాత్రాన మురుగు ఊరు దాటినట్టు కాదు.

ఇంకో సంగతి. సెప్టిక్ ట్యాంకును రెండు మూడేళ్లకోసారి ఖాళీ చేయించాలి. మనవాళ్లు అది పొంగి వాకిట్లోకి వచ్చినప్పుడే బండికి ఫోన్ చేస్తారు.

సెప్టిక్ ట్యాంకు బండ్లు ఆ బురదను ఎక్కడ పోస్తాయి?

మలబురద శుద్ధి కేంద్రం ఉన్న ఊళ్లలో అక్కడ పోస్తాయి. లేని చోట చీకటి పడ్డాక ఏ డ్రెయిన్‌లోనో, తోటలోనో. బండివాణ్ని తిట్టి లాభం లేదు, పోయడానికి చోటు చూపించకుండా ఎక్కడా పోయొద్దంటే ఏం చేస్తాడు?

ఊరంతా తవ్వి పైపులు వేయడం చిన్న మున్సిపాలిటీకి తలకు మించిన ఖర్చు. అలాంటి చోట ముందు మలబురద కేంద్రం పెట్టుకోవడం తెలివైన పని. వరంగల్‌లో, గోదావరి సముద్రంలో కలిసే చోటికి దగ్గరున్న నర్సాపురంలో ఇలాంటివి పెట్టారు. బురదను ఆరబెట్టి, ఎండిన దాన్నే కాల్చి, ఆ వేడితో మిగతాది ఆరబెట్టే పద్ధతి కూడా ఉంది. వానాకాలం పొడవునా ఆరబెట్టే మడులు తడిసిపోయే కోస్తాకు అది కలిసొచ్చే విషయమే, నడిపేవాడికి పని తెలిస్తే.

ఒక హెచ్చరిక. "ఎలాగూ ఎస్టీపీ ఉందిగా, బండ్లన్నీ అక్కడే కుమ్మరించండి" అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. సెప్టిక్ ట్యాంకు బురద మామూలు మురుగు కంటే ఎన్నో రెట్లు చిక్కన. చిన్న ప్లాంటులో ఒక్కసారిగా నాలుగు బండ్లు దింపితే బ్యాక్టీరియాకు అజీర్తి చేసినట్టే. కొద్దికొద్దిగా, విడిగా నిల్వ చేసి కలపాలి.

సముద్రం అంత పెద్దది. మన చిన్న ఊరి మురుగు కలిస్తే ఏమవుతుంది?

సముద్రం పెద్దదే. మన మురుగు పడేది మాత్రం ఒడ్డున, మోకాలి లోతులో. అలలు దాన్ని ముందుకు కాక పక్కకు, ఒడ్డు వెంబడే లాక్కెళతాయి. పిల్లలు ఆడేదీ, వలలు లాగేదీ అక్కడే. గుల్లలు, ఆల్చిప్పలు నీటిని వడగట్టుకుని తింటాయి కాబట్టి నీళ్లలో కొంచెమే ఉన్న క్రిములు కూడా వాటి ఒంట్లో పోగవుతాయి. ఇక ఉప్పుటేర్లు, మడ అడవులు ఉన్న చోట నీరు పోటుకు లోపలికి, పాటుకు బయటికి ఊగుతూ ఉంటుంది. పొద్దున వదిలిన మురుగు సాయంత్రానికి మళ్లీ మన రేవుకే రావచ్చు.

డబ్బు లెక్క కూడా ఉంది. మన తీరం పొడుగునా రొయ్య పిల్లల హేచరీలు సముద్రపు నీటినే తోడుకుంటాయి. విశాఖ రుషికొండ బీచ్‌కు 2020లో బ్లూ ఫ్లాగ్ వచ్చింది, శుభ్రమైన బీచ్‌లకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు అది. అలాంటి గుర్తింపు నిలవాలంటే స్నానం చేసే నీటిలో మల సంబంధ బ్యాక్టీరియా ఎంతుందో పరీక్షలు చేయిస్తూ ఉండాలి. ఒక్క నాలా చాలు, అంతా బూడిదలో పోసిన పన్నీరు అవడానికి.

చెరువు దగ్గరైతే శుద్ధి చేసిన నీళ్లు వదలొచ్చా?

ఇక్కడే అందరూ పొరపాటు పడతారు. చూడ్డానికి తేటగా, వాసన లేకుండా ఉన్న నీళ్లు కూడా చెరువును పాడుచేయగలవు.

మామూలు శుద్ధిలో మలినం పోతుంది కానీ నైట్రోజన్, ఫాస్ఫరస్ చాలావరకు మిగిలిపోతాయి. రైతుకు అర్థమయ్యేలా చెప్పాలంటే నీళ్లలో యూరియా, డీఏపీ కలిసి ఉన్నట్టు. పొలంలో వేస్తే వరి పెరుగుతుంది, చెరువులో వేస్తే నాచు, గుర్రపు డెక్క పెరుగుతాయి. నాచు చచ్చి కుళ్లినప్పుడు నీళ్లలో ఆక్సిజన్ అయిపోతుంది. తెల్లవారుజామున చేపలు నోళ్లు పైకి పెట్టి తేలడం భీమవరం వైపు చెరువుల రైతులకు కొత్తగా చెప్పాల్సిన పనిలేదు.

దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ మన దగ్గరిది కాదు, అమెరికాలోది. సియాటెల్‌కూ బెల్‌వ్యూకూ మధ్య లేక్ వాషింగ్టన్ ఉంది. ఇప్పుడు ఆ ఒడ్డున తెలుగు ఇళ్లకు కొదవ లేదు, మీ బంధువుల్లో ఎవరో ఒకరు అక్కడ నిలబడి ఫొటో పెట్టే ఉంటారు. 1950ల్లో ఆ సరస్సు చుట్టూ ఉన్న చిన్న చిన్న ఊళ్లకు పది దాకా శుద్ధి ప్లాంట్లు ఉండేవి. అందరూ శుద్ధి చేసే వదిలేవారు. అయినా 1955 కల్లా ఆసిలటోరియా అనే నాచు కనిపించింది, తర్వాత్తర్వాత నీళ్లు పచ్చబడ్డాయి. వాషింగ్టన్ యూనివర్సిటీ ప్రొఫెసర్ ఎడ్మండ్‌సన్ ఇది ఫాస్ఫరస్ పని అని లెక్కలతో చూపించాడు. 1963 నుంచి 1968 దాకా ఒక్కో ప్లాంటు నీళ్లనూ సరస్సులోకి రాకుండా పైపులతో మళ్లించారు. కొన్నేళ్లలోనే సరస్సు తేరుకుంది. ఆ మళ్లించిన నీళ్లు ఎక్కడికి పోయాయంటే, పక్కనే ఉన్న సముద్రపు పాయ ప్యూజెట్ సౌండ్‌లోకి. అక్కడ పోటు పాట్ల ఉధృతి ఎక్కువ, నీరు మారుతూ ఉంటుంది. చెరువులో అలా కాదు, లోపలికి వచ్చిన ఫాస్ఫరస్ అడుగు బురదలో చేరి, ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ పైకి వస్తుంది.

మరి కొల్లేరు సంగతి?

కొల్లేరు లోతు తక్కువ. నీరు బయటికి పోయే దారి ఒక్క ఉప్పుటేరే. బుడమేరు, తమ్మిలేరు లాంటి ఏర్లతో పాటు డెల్టా డ్రెయిన్లన్నీ అందులోకే. దారిలో ఉన్న ఊళ్ల మురుగు కూడా వాటితోనే వస్తుంది. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలగా రాంసర్ గుర్తింపు వచ్చింది, గుర్తింపు వచ్చినంత మాత్రాన డ్రెయిన్లు దారి మార్చుకోలేదు. ఊళ్లన్నీ ఎస్టీపీలు కట్టుకున్నా పొలాల ఎరువులు, చేపల చెరువుల నీళ్లు ఉండనే ఉంటాయి. కాబట్టి ఎస్టీపీ కడితే కొల్లేరు బాగుపడిపోతుందని నేను చెప్పను. కానీ మిగతావాటిని పట్టుకోవడం కష్టం. ఊరి మురుగు పైపులో వస్తుంది, ఒక చోటికి వస్తుంది. చేతికి చిక్కినదాన్ని కూడా వదిలేస్తే ఎలా?

శుద్ధి చేసిన నీళ్లు ఎంత బాగుండాలని రూలు?

కేంద్ర పర్యావరణ శాఖ 2017 అక్టోబర్ నోటిఫికేషన్ ప్రకారం మెట్రో నగరాలు కాని చోట్ల బీవోడీ లీటరుకు 30 మిల్లీగ్రాములు దాటకూడదు, మెట్రోల్లో 20. మలానికి సంబంధించిన కోలిఫామ్ బ్యాక్టీరియా 100 మిల్లీలీటర్లలో 1,000 లోపు ఉండాలి. 2019 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఇది చాలదంది. బీవోడీ 10, నైట్రోజన్ 10, చెరువుల్లోకి సరస్సుల్లోకి వదిలేట్టయితే ఫాస్ఫరస్ 1 మిల్లీగ్రాము అని గట్టి ప్రమాణాలు చెప్పింది.

బీవోడీ అంటే బెదిరిపోకండి. నీళ్లలోని మలినాన్ని తినడానికి బ్యాక్టీరియాకు ఎంత ఆక్సిజన్ కావాలో అదే బీవోడీ. పచ్చి మురుగులో ఇది 200, 300 దాకా ఉంటుంది. సైడు కాలువల్లో వాన నీళ్లు, కుళాయి లీకులు కలిసి పలచబడితే బాగా తగ్గుతుంది. "మాకు వచ్చే నీళ్లే శుభ్రంగా ఉన్నాయి" అని కొందరు మురిసిపోతారు, అది పలచన మాత్రమే.

మీ ఊరి ప్లాంటు టెండర్ కాగితాల్లో ఫాస్ఫరస్ అన్న మాట ఉందో లేదో ఒక్కసారి చూడండి. చెరువు ఒడ్డు ప్లాంటుకు అది లేకపోతే మిగతా కాగితాలు ఎంత లావుగా ఉన్నా ఒకటే.

తీరం ఊళ్ల ప్లాంట్లకు ప్రత్యేకమైన ఇబ్బందులు ఏమైనా ఉన్నాయా?

ఉన్నాయి, అన్నిటికీ మూలం ఉప్పు.

ఒక ఊళ్లో వాన చుక్క లేకుండా నెలకు రెండుసార్లు మా పంపింగ్ స్టేషన్ బావి పొంగేది. మోటార్లు చూశాం, ఫ్లోట్ స్విచ్ మార్చాం, కాంట్రాక్టర్‌తో గొడవ పడ్డాం. చివరికి అక్కడ కాపలా ఉండే ముసలాయన అన్నాడు, "బాబూ, ఇది పున్నానికీ అమాసకీ పొంగుతోంది, చూసుకున్నారా?" అంతే. పోటు ఎక్కినప్పుడు భూమిలో ఉప్పు నీరు పైకి వచ్చి, పగిలిన పైపు జాయింట్లలోంచి లోపలికి దూరుతోంది. ఆ రాత్రి నీళ్లలో కరిగిన ఉప్పును చూపే టీడీఎస్ మీటరు పెట్టి మ్యాన్‌హోల్ తర్వాత మ్యాన్‌హోల్ చూసుకుంటూ వెళ్లాం. రీడింగ్ ఒక్కసారిగా ఎగిరిన చోట తవ్వితే రబ్బరు రింగు వేయకుండానే కలిపేసిన జాయింటు బయటపడింది.

ఉప్పు మెల్లగా పెరిగితే బ్యాక్టీరియా అలవాటు పడతాయి. ఇలా పోటుకు ఎక్కి పాటుకు తగ్గితే తట్టుకోలేవు. బురద అడుక్కి దిగకుండా నీళ్లతో పాటే బయటికి కొట్టుకుపోతుంది.

రెండోది గ్యాసు. సముద్రపు నీటిలో సల్ఫేటు లీటరుకు 2,700 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. అది మురుగులో కలిసి, గాలి ఆడని పైపుల్లో నిలవుంటే హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది, కుళ్లిన గుడ్డు వాసన. ఆ గ్యాసు పైపు పైకప్పు తడిలో చేరి సల్ఫ్యూరిక్ యాసిడ్ అవుతుంది. కాంక్రీటు పెచ్చులు పెచ్చులుగా ఊడిపోతుంది. పైన రోడ్డు బాగానే కనిపిస్తుంది, ఒక రోజు లారీ చక్రం దిగబడుతుంది. గాలిలో ఉప్పుకు ప్యానెల్ బోర్డులు, రెయిలింగులు తుప్పు పట్టడం సరేసరి.

మూడోది వదిలే గొట్టం. సముద్రం పోటు మీద ఉంటే నీరు వెనక్కి తంతుంది. గొట్టం మూతికి వెనక్కి రానివ్వని తలుపు ఉండాలి, ఆ తలుపుకు గవ్వలు పట్టకుండా గోకుతూ ఉండాలి. డ్రాయింగులో తలుపు ఉంటుంది, గోకే మనిషి ఉండడు.

వాసన వస్తుందా?

సరిగ్గా నడిచే గాలి ట్యాంకు పక్కన నిలబడితే తొలకరి వానకు తడిసిన మట్టి లాంటి వాసన వస్తుంది. రంగు పాలు కలిపిన టీ రంగు. నమ్మనివాళ్లను నేను తీసుకెళ్లి చూపించాను. కంపు కొట్టేది మురుగు లోపలికి దిగే చోట, బురద ఆరబెట్టే చోట. వాటిని మూసేయొచ్చు, చెట్లు పెంచొచ్చు.

స్థలం విషయంలో ఒక మాట. మురుగు పల్లానికి పారుతుంది కాబట్టి ప్లాంటును ఊరికీ సముద్రానికీ మధ్య పెడతారు. మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి ఊళ్లోకి మళ్లుతుంది. సాయంత్రం మేడ మీద కూర్చునే వేళకు సరిగ్గా వాసన వస్తుంది. గాలి ఏ వేళ ఎటు వీస్తుందో మీ ఊరి జాలర్లను అడిగి స్థలం ఖాయం చేస్తే సగం గొడవలు తప్పుతాయి.

తుఫాను వచ్చి కరెంటు పోతే?

గాలి అందకపోతే బ్యాక్టీరియా కొన్ని గంటలు ఓర్చుకుంటాయి. రెండో రోజుకు ట్యాంకు నల్లబడుతుంది. తర్వాత కరెంటు వచ్చినా మళ్లీ దారికి రావడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఒక్కోసారి పక్క ఊరి ప్లాంటు నుంచి బురద ట్యాంకర్లతో తెచ్చి తోడు వేయాల్సి వస్తుంది. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ అప్పుడు విశాఖలాంటి నగరానికే రోజుల తరబడి కరెంటు లేదు, చిన్న ఊళ్ల సంగతి చెప్పేదేముంది.

జనరేటరు ఉంటే చాలదు, డీజిల్ ఉండాలి, బ్యాటరీ చచ్చిపోకుండా వారానికోసారి స్టార్ట్ చేసి చూడాలి. ప్యానెల్ బోర్డు వరద మట్టానికి పైన ఉండాలి. నేల మీద పెట్టిన ప్యానెల్ బోర్డు కనబడితే ఆ డిజైన్ చేసినవారు తుఫాను చూడలేదని అర్థం.

ఏ టెక్నాలజీ మంచిది?

స్థలం ఉంటే చెరువుల పద్ధతి. వరసగా మూడు నాలుగు మడుగులు, ఎండ, గాలి, కాలం. మోటార్లు దాదాపు అక్కర్లేదు. కానీ ఒక్కో ఎంఎల్‌డీకి రెండెకరాల పైమాటే కావాలి. తీరంలో ఇప్పుడు ఎకరం ధర తెలిసిందే. స్థలం లేకపోతే ఎస్‌బీఆర్, ఒకే ట్యాంకులో వంతుల వారీగా నింపడం, గాలి ఊదడం, తేర్చడం, వదలడం. నైట్రోజన్ కూడా బాగా తగ్గుతుంది. అయితే దాన్ని నడిపేది కంప్యూటర్ ప్రోగ్రామ్. అది మొరాయిస్తే బాగుచేసేవాడు హైదరాబాద్ నుంచో చెన్నై నుంచో రావాలి.

మెట్టతామర, జమ్ము పెంచి గులకరాళ్ల మధ్యనుంచి నీళ్లు పారించే పద్ధతి వెయ్యి, రెండు వేల మంది ఉన్న పేటలకు, రిసార్టులకు బాగుంటుంది. చెరువు ఒడ్డున పెద్ద ప్లాంటు తర్వాత ఆఖరి వడపోతగా పెట్టినా పనికొస్తుంది. మొక్కలు కోసి బయటికి తీసేయాలి, అక్కడే కుళ్లనిస్తే పీల్చినదంతా మళ్లీ నీళ్లలోకే.

నన్నడిగితే మీ ఊళ్లో పది కిలోమీటర్ల లోపు రిపేరు చేయగల మనిషి దొరికే టెక్నాలజీయే మంచి టెక్నాలజీ.

కట్టిన ప్లాంట్లు ఎందుకు పడుకుంటాయి?

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021లో ఇచ్చిన లెక్క చూడండి. దేశంలో పట్టణాల మురుగు 72,368 ఎంఎల్‌డీ. కట్టిన ప్లాంట్ల సామర్థ్యం 31,841. నడుస్తున్నవాటిది 26,869. నిజంగా శుద్ధి అయ్యేది 20,236. కట్టనివి ఒక సమస్య అయితే, కట్టి కూడా వాడుకోనిది ఇంకో సమస్య.

కారణాలు చాలా మామూలువి. పైపు ఇంటి ముందు దాకా వస్తుంది, ఇంట్లోంచి కనెక్షన్ ఇచ్చుకోరు. కొత్తగా వేసిన సిమెంట్ వాకిలి పగలగొట్టాలి, ప్లంబర్‌కు డబ్బు ఇవ్వాలి, "సైడు కాలువ ఉందిగా" అనుకుంటారు. దాంతో ప్లాంటుకు పావు వంతు మురుగు కూడా రాదు, బ్యాక్టీరియా ఆకలికి చస్తాయి. తర్వాతది కరెంటు బిల్లు. ప్లాంటు కరెంటులో సగానికి పైగా గాలి ఊదే బ్లోయర్లకే పోతుంది. బిల్లు ఎక్కువైతే ఎవరో ఒకరు "రాత్రిపూట ఆపేయండి" అంటారు. లాగ్ బుక్కులో మాత్రం ఇరవై నాలుగు గంటలూ నడిచినట్టే ఉంటుంది. నేను పనిచేసిన ఒక చోట రీడింగులు నెల మొత్తానికి ఒకే పెన్నుతో, ఒకే రోజు రాసి కనిపించాయి.

కట్టడానికి డబ్బు దొరుకుతుంది. 2021 అక్టోబర్‌లో మొదలైన స్వచ్ఛ భారత్ పట్టణ రెండో విడతలో లక్ష లోపు జనాభా ఉన్న ఊళ్ల మురుగునీటి పనులు కూడా చేర్చారు. నడపడానికి మాత్రం ఏటేటా మున్సిపాలిటీ జేబులోంచే రావాలి. ఆపరేటర్ జీతం మూడు నెలలు ఆగితే ఎంత ఖరీదైన జర్మన్ బ్లోయరైనా ఏం చేస్తుంది?

శుద్ధి చేసిన నీళ్లు పొలాలకు, రొయ్యల చెరువులకు వాడొచ్చా?

గడ్డికి, కొబ్బరికి, రోడ్డు మధ్య మొక్కలకు వాడొచ్చు. పచ్చిగా తినే ఆకుకూరలకు వద్దు. తీరం ఊళ్లలో ముందు ఉప్పు చూసుకోండి, పైపుల్లోకి ఉప్పు నీరు దూరే చోట ఆ నీళ్లు పెడితే నేల చౌడు బారుతుంది. రొయ్యలకు, చేపలకు నేరుగా వద్దు. క్రిములు చంపడానికి కలిపిన క్లోరిన్ కాస్త మిగిలినా చేపలకు విషమే. చెరువులోకి వదిలే చోట క్లోరిన్ విరిచేసి వదలాలి, లేదా యూవీ దీపాలు వాడాలి.

బురద ఎరువుగా ఇస్తారా?

బాగా మగ్గి, ఎండిందైతే వాడొచ్చు. ఫ్యాక్టరీల నీళ్లు మురుగులో కలిసే ఊళ్లలో భారలోహాల పరీక్ష చేయించకుండా పొలంలో చల్లొద్దు. పచ్చిది అసలే వద్దు, అందులో నులిపురుగుల గుడ్లు ఉంటాయి.

మ్యాన్‌హోల్ జామ్ అయితే మనిషిని దింపి తీయించొచ్చా?

వద్దు. మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం రక్షణ సామగ్రి లేకుండా మనిషిని మురుగు కాలువలోకి, సెప్టిక్ ట్యాంకులోకి దింపడం నేరం. సొంత ఇంటి యజమాని దింపినా నేరమే. చనిపోతే కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలని 2023 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ మరణాల మీద దశాబ్దాలుగా పోరాడుతున్న బెజవాడ విల్సన్‌కు 2016లో మెగసెసె అవార్డు వచ్చింది. చావులు మాత్రం ఆగలేదు.

ఇందాక చెప్పిన హైడ్రోజన్ సల్ఫైడ్ ఇక్కడ ప్రాణాలు తీస్తుంది. కాస్తే ఉంటే కంపు కొడుతుంది, ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. "వాసన రావట్లేదు, దిగు" అన్న మాటకు చచ్చిపోయినవాళ్లున్నారు. ఒకడు పడిపోతే కాపాడదామని రెండోవాడు దిగుతాడు, అతనూ పడిపోతాడు. బండి పిలిపించండి. ఆలస్యమైతే అవనీయండి.

మా వంతుగా ఇంట్లో ఏం చేయాలి?

ప్యాడ్లు, డైపర్లు, కండోమ్‌లు టాయిలెట్‌లో వేయకండి. బజ్జీలు వేసిన నూనె సింకులో పోయకండి, పైపులో గడ్డకడుతుంది. మేడ మీద వాన నీళ్ల గొట్టాన్ని డ్రైనేజీకి కలపకండి. ఒక్క గట్టి వానకు ప్లాంటు మునిగిపోవడానికి ఎక్కువగా ఇదే కారణం.

ప్లాంటు సరిగ్గా నడుస్తోందో లేదో మాలాంటివాళ్లకు ఎలా తెలుస్తుంది?

కమిషనర్ గారికి అర్జీ పెట్టుకుని, పదిమంది కలిసి వెళ్లి చూడండి. రిపోర్టులు తర్వాత అడగొచ్చు. ముందు ఆపరేటర్‌ను ఒక లీటరు కొలజాడీ తెమ్మనండి. పనిచేసే ప్లాంటులో అది తప్పకుండా ఉంటుంది, గాజు మీద గీతలు అరిగిపోయి ఉంటే ఇంకా మంచిది. గాలి ట్యాంకులోంచి ఒక లీటరు ముంచి జాడీలో పోసి, కదపకుండా అరగంట ఉంచాలి.

మొదటి ఐదు నిమిషాల్లోనే గోధుమ రంగు ముద్దలు దూది పింజల్లా దిగుతూ కనిపిస్తాయి. అరగంటకు బురద 250, 300 మిల్లీలీటర్ల గీత దగ్గర ఆగి, పైన నీళ్లు అవతలి వేళ్లు కనిపించేంత తేటగా ఉంటే ప్లాంటు ఆరోగ్యంగా ఉన్నట్టు. బురద 800 దగ్గరే వేలాడుతుంటే ఉబ్బు రోగం, తీగల్లాంటి బ్యాక్టీరియా ఎక్కువైంది. అడుగున యాభై గీత కూడా చేరకుండా పైనంతా మబ్బుగా ఉంటే లోపల జీవమే లేదు, బహుశా మీరు వస్తున్నారని ఆ పొద్దునే బ్లోయర్ వేశారు. నల్లగా ఉండి కుళ్లిన గుడ్డు వాసన వస్తే రాత్రిళ్లు ఆపేస్తున్నారన్నమాట.

ఆ అరగంట ఊరికే కూర్చోకుండా ఆపరేటర్‌తో మాట్లాడండి. జీతం ఏ నెల దాకా వచ్చిందో అడగండి. తర్వాత వదిలే గొట్టం దాకా నడిచి వెళ్లండి, ఆ చుట్టూ గుర్రపు డెక్క మిగతా చెరువులో కంటే పచ్చగా, ఏపుగా ఉందేమో చూడండి.